తొట్టి దగ్గర చోటు

అరవై బ్రెడ్లూ వెనక్కొచ్చాయి.

మరిది మూడు క్రేట్లనూ బల్ల మీద దింపి, టోపీతో విసురుకుంటూ నిలబడ్డాడు. బయట వ్యాను ఇంజను ఇంకా ఆపలేదు. ఎవరైనా "సరే, వేరేవి పట్టుకెళ్ళు" అంటారని ఆశ కాబోలు. వేరేవి లేవు.

అత్తగారు ఒక బ్రెడ్డు తీసుకుని రంపపు పళ్ళ కత్తితో మధ్యకి కోసింది. పైభాగం లోపలికి కుంగిపోయింది. లోపల చిటికెనవేలు పట్టేంత కన్నాలు. పులిసిన కంపు గదంతా నిండి ఉంది కాబట్టి ముక్కు దగ్గర పెట్టుకోనవసరం లేదు. అయినా పెట్టుకుంది.

"దిండు మీద ఎవరో పడుకుని లేచెళ్ళినట్టుంది" అన్నాడు మరిది. ఎవరూ నవ్వకపోయేసరికి వెళ్ళి ఇంజను ఆపేసి వచ్చాడు.

పెద్దకోడలు పిండి తొట్టి పక్కన నిలబడి ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది. వీపు వెనకాల ఎడమచేతి గోళ్ళు కుడి మోచేతి కింద వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆమె ఆపలేదు. తొమ్మిది నెలలుగా ఆపి ఆపి విసిగిపోయింది.

హాస్టల్లో ఏం జరిగిందని అడిగింది అత్తగారు. మరిది చెప్పాడు. అక్కడి వార్డెను మొదటి బ్రెడ్డు కొయ్యగానే మిగతావి ముట్టుకోలేదట. పిల్లలకి ఇవి పెట్టలేనని చెప్పిందట. మర్యాదగానే చెప్పిందట. పదేళ్ళుగా ఈ షాపు బ్రెడ్డే తింటున్నామని కూడా అందట.

"అంతేనా?"

మరిది టోపీ అంచు సరిచేసుకున్నాడు. అంతే కాదని అందరికీ అర్థమైంది. మిగతాది అతని భార్య చెప్పింది. ఈ ఇంటి చిన్నకోడలు, కౌంటర్లో కూర్చునేది ఆమే. మొన్న వార్డెను ఆర్డరు చెప్పడానికి వచ్చినప్పుడు అక్క లోపల్నుంచి ఒకసారి బయటికి వచ్చిందట. చీర మీద వేసుకునే పని చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని. చేతుల మీది గీతలు ఆవిడ చూసిందట. పిండి కలిపేది ఈవిడేనా అని అడిగిందట.

"నేనేమీ అనలేదు అత్తయ్యా. ఉత్త దురదే, అంటుకునేది కాదని మాత్రం చెప్పాను."

"అంటుకుంటుందా అని ఆవిడ అడిగిందా?"

"అడగలేదు."

"అడక్కుండానే చెప్పావన్నమాట."

చిన్నకోడలు బల్ల మీద రాలిన బ్రెడ్డు పొడిని చేత్తో దులిపింది. తర్వాత అక్క వైపు తిరిగి, మంచికే చెప్పాను అక్కా అంది. పెద్దకోడలు తలూపింది. కోపం రావలసిన చోటు ఇదని ఆమెకి తెలుసు. వెతికి చూసుకుంది. కనపడలేదు.

బట్టీ ముందు ఆమె భర్త బూడిద ఊడుస్తున్నాడు. వీళ్ళు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు ఎంత బూడిద ఉందో ఇప్పుడూ అంతే ఉంది. అదే చోట చీపురు అటూ ఇటూ తిరుగుతోంది.

అత్తగారు కోసిన రెండు ముక్కల్నీ మళ్ళీ ఒకదానికొకటి ఆనించి, విరిగిన గిన్నెని అతికిస్తున్నట్టు పట్టుకుంది. మామగారు పోయాక పంతొమ్మిదేళ్ళుగా ఈ షాపు ఆవిడదే. కేకలు వేసే మనిషి కాదు. ఆవిడ గొంతు తగ్గితేనే ఇంట్లో అందరూ పనులు ఆపుతారు.

"రేపట్నుంచి చిన్నది కలుపుతుంది" అంది. "నువ్వు పైన ఉండు అమ్మాయ్."

"అచ్చులు కడుగుతాను అత్తయ్యా."

"అదీ వద్దు. పైన ఉండు."

చీపురు చప్పుడు ఆగింది. పెద్దకోడలు అటు చూసింది. భర్త చేటలోకి బూడిద ఎత్తుకున్నాడు, లేచాడు, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

*

షాపు పైనే ఇల్లు. రెండు గదులు వాళ్ళవి, రెండు మరిదివి. సాయంత్రం వెలుగు ఇంకా పోలేదు. పెద్దకోడలు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, దువ్వెన వీపుతో ముంజేతిని రుద్దుకుంటోంది. గోళ్ళు చాలక దువ్వెన వచ్చింది. దువ్వెనకి ముందు చెక్క గరిట. ఆమె దగ్గర ఇలాంటివాటితో ఓ చిన్న సామాను పెట్టె తయారైంది.

చర్మం మీద ఏమీ ఉండదు. అదే చిక్కు. గీతలన్నీ ఆమె గీసుకున్నవే. మొదటి డాక్టరు సబ్బు మార్చమన్నాడు. రెండో డాక్టరు రక్తం తీయించి అంతా బాగుందన్నాడు. మూడో డాక్టరమ్మ భూతద్దంతో ఇరవై నిమిషాలు చూసి, ఏమీ లేదమ్మా అంది, శుభవార్త చెబుతున్నట్టు. చీమలు పాకినట్టుంటుందా అని అడిగింది. కాదంది. సూదులు గుచ్చినట్టా? కాదు. మరి ఎలా ఉంటుంది? దురదలా ఉంటుంది అని చెప్పి ఊరుకుంది పెద్దకోడలు. అది పోల్చి చెప్పేంత దూరంలో ఉంటే కదా.

ఐసుకి మాత్రం లొంగుతుంది. మోచేతుల దాకా ఐసులో ముంచి ఉంచితే గంటా గంటన్నర చేతులు తనవి కానట్టుంటాయి. ఆ గంటలో ఆమె ఇంత అన్నం తింటుంది, జడ వేసుకుంటుంది, మనుషుల్లో పడుతుంది.

భర్త లోపలికి వచ్చి గొళ్ళెం వేశాడు. మొహం కడుక్కున్నాడు. తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"పొద్దున పిండిలో పోసింది ఏం నీళ్ళు?" అని అడిగింది.

అతను తువ్వాలు తాడు మీద ఆరేశాడు. అంచులు సమానంగా వచ్చేదాకా సర్దాడు.

ఎండాకాలంలో ఆ తొట్టిలో ఉత్త నీళ్ళతో పిండి కలపరు. అది అత్తగారి మొదటి నియమం. కలిపే చేతి వేడికీ గది వేడికీ పిండి తొందరపడి పులిసిపోతుంది. బట్టీలోకి వెళ్ళేలోపే పొంగాల్సినదంతా పొంగి, లోపల కుప్పకూలుతుంది. అందుకని సగం నీళ్ళు, సగం ఐసు బకెట్లో వేసి, కరిగాక పోస్తారు. రోజూ పొద్దున్నే ఒక ఐసు దిమ్మ వస్తుంది. గోనెపట్టా చుట్టి పెట్టెలో పెడతారు. ఆ ఒక్క దిమ్మే.

ఈరోజు తొమ్మిదింటికి ఆమె తొట్టిలో పిండి పోసి, చేతులు పెట్టలేకపోయింది. దురద మోచేతుల నుంచి మణికట్టు దాకా ఒక్కసారిగా లేచింది. తొట్టి అంచుకేసి చేతుల్ని రాసింది. మోచేతి దగ్గర చర్మం లేచింది. భర్త చూశాడు. ఆమెని పెరట్లోకి తీసుకెళ్ళి, ఐసు బకెట్టు తెచ్చి, రెండు చేతులూ ముంచి పట్టుకున్నాడు. అరగంట. తర్వాత మోచేతికి గుడ్డ కట్టాడు. ఆమె తొట్టి దగ్గరకి వచ్చేసరికి నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఐసు వేశారా అని అడిగింది. వేశానన్నాడు.

"చెప్పండి."

"కొళాయి నీళ్ళు."

"వేశానన్నారు కదా."

"వెయ్యలేదంటే నువ్వు కలిపేదానివి కాదు. కలపకపోతే అమ్మ వచ్చి ఎందుకని అడిగేది." అతను మంచం మీద కూర్చున్నాడు. "ఒక్క రోజే కదా అనుకున్నాను. నీకు తెలుస్తుందనుకున్నాను. పిండి వేడెక్కితే నువ్వే ఆపుతావు, ఎప్పుడూ ఆపేదానివే."

ఆమెకి తెలియలేదు. కలుపుతూ మధ్యలో రెండుసార్లు మణికట్టు లోపలివైపు పిండికి ఆనించి చూసుకుంది, పద్నాలుగేళ్ళుగా చూస్తున్నట్టే. చల్లగా ఉందనుకుంది. చల్లగా ఉన్నది పిండి కాదు.

"కింద ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? అరగంట సేపు ఐసులో పెడితే గానీ మా ఆవిడ చేతులు పని చెయ్యవని చెప్పనా? అప్పుడు మాత్రం ఉండనిస్తుందా?"

"ఇప్పుడు నా పుండ్ల వల్ల పిండి పాడైందనుకుంటున్నారు."

"నాలుగు రోజులు అనుకుంటారు. తర్వాత మర్చిపోతారు."

మీ తమ్ముడి భార్య మర్చిపోయే రకమా అని అడగొచ్చు. అడగలేదు. కిటికీలోంచి ఎదురింటి గోడ మీద వెలుగు ఒక ఇటుక పైకి జరిగింది. రేపు పొద్దున దిగి వెళ్ళి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పమని భర్తని అడిగింది. అతను చూద్దామన్నాడు. చూడ్డానికి ఏముందని అడిగింది. అతను ఆమె చేతిలోని దువ్వెనని చూశాడు.

"ఒక మాట చెప్తే ఏమీ అనుకోవుగా?"

"చెప్పండి."

"కింద అమ్మ నిన్ను పైన ఉండమన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది."

ఆమె దువ్వెన ఆగింది.

"నువ్వు తొట్టి దగ్గర ఉంటే నా చెవులు అక్కడే ఉంటాయి. ఎప్పుడు గోక్కుంటావో, ఎవరు చూస్తారో. బట్టీలో చెయ్యి పెట్టి కూడా ఆ చప్పుడే వింటుంటాను. తొమ్మిది నెలలు. నాకూ ఓపిక అయిపోయింది." గొంతు పెంచలేదు. వాతావరణం గురించి చెబుతున్నట్టే చెప్పాడు. "నువ్వు మానేస్తే తగ్గుతుందేమో కూడా."

"మొన్న ఎండలు మొదలైనప్పుడు ఇరవై రోజులు పిండి ముట్టుకోలేదు. తగ్గిందా?"

"లేదు."

"మరి?"

"మరేమీ లేదు" అన్నాడు. "ఉన్నమాట చెప్పానంతే."

ఆమె దువ్వెన కిటికీ అంచు మీద పెట్టింది. అతను అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదా అని ఆలోచించింది. ఎటూ తేలలేదు. గుండెల్లో ఏదో పడాలి, పడలేదు. పడినా చప్పుడు వినపడనంత లోతుగా పడిందేమో. లేచి, అన్నం వడ్డించనా అని అడిగింది. అతను వడ్డించమన్నాడు.

*

పొద్దున్నే తొట్టి దగ్గర చిన్నకోడలు కుస్తీ పడుతోంది. జుట్టుకి పిండి, చెవికి పిండి. తొట్టిలో మాత్రం పిండి ఇంకా ముక్కలు ముక్కలుగానే ఉంది. అత్తగారు పక్కన నిలబడి, నీళ్ళు పొయ్యమన్నప్పుడు పొయ్యాలి గానీ మొక్కలకి పోసినట్టు పొయ్యకూడదని చెబుతోంది.

పెద్దకోడలు మెట్లు దిగి గుమ్మంలో ఆగింది. రాత్రంతా చేతులకి మెత్తటి గుడ్డ చుట్టుకుని పడుకుంది. కొత్త గీతలు లేవు. మోచేతి దగ్గరిది ఎండింది. ఆమె వెనకే భర్త కూడా దిగాడు. ఏమైనా అంటాడేమోనని పక్కకి జరిగి దారి ఇచ్చింది. అతను బట్టీ వైపు వెళ్ళిపోయాడు.

"అత్తయ్యా, నిన్న పిండిలో ఐసు లేదు" అంది పెద్దకోడలు. "నా చేతులకి వాడేశాను. కొళాయి నీళ్ళతో కలిపాను."

చిన్నకోడలి చేతులు ఆగాయి. అత్తగారు ఆమెతో నువ్వు కలుపు అని, ఇటు తిరిగింది.

"బకెట్టు పెరట్లోకి ఎవరు మోశారు?"

"నేనే."

"నువ్వు మోస్తే నేల మీద చుక్క పడదు. నిన్న గడప నుంచి పెరటి దాకా నీళ్ళే. వాడి నడక నాకు తెలియదా? కన్నదాన్ని." అత్తగారు చేతులు దులుపుకుంది. "ఐసు పెట్టెలో ఉత్త పట్టా కనిపించినప్పుడే తెలుసు. బ్రెడ్డు కోశాక ఇక అనుమానం లేదు. వాడి నోట్లోంచి వస్తుందేమోనని చూశాను. ఊడ్చుకుంటూ కూర్చున్నాడు."

బట్టీ దగ్గర నుంచి, "అమ్మా, అది నేను" అని వినిపించింది.

"నిప్పు చూసుకో" అంది అత్తగారు, అటు తిరక్కుండానే.

తెలిసి కూడా తనని ఎందుకు మాన్పించారని పెద్దకోడలు అడిగింది. నిష్ఠూరంగా కాదు, లెక్క అర్థం కాని పిల్ల మాష్టారిని అడిగినట్టు.

అత్తగారు తన రెండు చేతులూ ఆమె ముందు చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా బట్టీ అంచు తగిలిన మచ్చలు. కొన్ని నల్లగా, కొన్ని మెరుస్తూ తెల్లగా. నలభై ఏళ్ళవి.

"గీతలు చూసి భయపడే దాన్నా నేను? ఆ వార్డెనమ్మకి నేను చెప్పుకోగలను. కానీ నిన్న పిండి పొయ్యిలా వేడెక్కిపోతుంటే నీ చేతికి తెలియలేదు. నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నప్పుడు ముందు నీ చెయ్యే పట్టుకుని చూశాను, గుర్తుందా? చల్లటి చెయ్యి, పిండిని అడిగి పని చేస్తుందనుకున్నాను. అడగలేని చెయ్యి తొట్టిలో పెట్టకూడదు. అది ఎవరిదైనా సరే. నాది అలా అయిన రోజు నేనూ పైకే వెళ్తాను."

ఆవిడ చెప్పిన దాంట్లో తప్పు ఎక్కడుందో పెద్దకోడలు వెతికింది. లేదు.

పైన రెండు గదులు గుర్తొచ్చాయి. స్టూలు, కిటికీ, ఎదురింటి గోడ. రోజంతా. మనిషికి చేతులు తప్ప ఏమీ మిగలని చోటు.

"ఐసు లేకుండా కలిపితే?"

"కలపగలవా?"

"తెలియదు."

అత్తగారు ఆమె మొహం చూసింది. తర్వాత చిన్నకోడల్ని పక్కకి రమ్మంది. సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కోమని పెద్దకోడలికి చెప్పింది, మోచేతికి శుభ్రమైన గుడ్డ తానే కట్టింది. గట్టిగా కట్టింది.

"పిండి నునుపు తేలేదాకా కలుపు. మధ్యలో చెయ్యి తీసి గోక్కున్నావా, ఇంకో మాట లేదు, పైకి వెళ్ళిపోవాలి. తియ్యకుండా కలిపావా, ఈ చోటు నీదే. హాస్టలూ గీస్టలూ నేను చూసుకుంటాను."

పెద్దకోడలు తొట్టి ముందు నిలబడింది. చిన్నకోడలు చెవి మీది పిండి గోకుతూ, ఇరవై నిమిషాలు గోక్కోకుండా నేనే ఉండలేను అక్కా అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. పెద్దకోడలికి నవ్వు రావలసింది.

చేతులు పిండిలోకి దించింది.

మొదటి నాలుగు మడతల్లోనూ దురద కోసం ఎదురు చూసింది. ఎప్పుడూ మోచేతి బయటివైపు మొదలవుతుంది. పళ్ళు బిగించుకుంది. పిండిని ముందుకి తోసింది, మడిచింది, తిప్పింది. ముందుకి, మడత, తిప్పు. పది మడతలు. ఇరవై.

దురద రాలేదు.

ముప్పై. ముక్కలు కలిసి ఒక్క ముద్దయింది. బట్టీ దగ్గర భర్త ఏ పనీ చెయ్యకుండా నిలబడి చూస్తున్నాడు. చెవులు ఇక్కడే ఉన్నాయి కాబోలు. వినడానికి ఏమీ లేదు. ఆమెకి నమ్మకం కుదరలేదు. తొమ్మిది నెలల తర్వాత రెండు చేతులూ నోరు మూసుకున్నాయి. రైలు వెళ్ళిపోయాక స్టేషన్లో ఉండే నిశ్శబ్దం అది.

"చూశారా అత్తయ్యా, అక్క ఒక్కసారి కూడా తియ్యలేదు" అంది చిన్నకోడలు. తను గెలిచినట్టు అంది. తొట్టి తప్పినందుకు కూడా కావచ్చు.

అత్తగారి మొహంలో ఏదో సడలింది. మాట కూడా మెత్తబడింది. "పిండి ఎలా ఉంది? వేడెక్కుతోందా?"

పెద్దకోడలు కుడి మణికట్టు తిప్పి పిండికి ఆనించింది.

మళ్ళీ ఆనించింది. ఈసారి నొక్కి.

ఎడమది ఆనించింది.

పిండి మీద మణికట్టు అచ్చు పడటం కంటికి కనిపించింది. కంటికే కనిపించింది. వేడి లేదు, చల్లదనం లేదు, తడి కూడా లేదు. వంగి, ఎవరికీ కనపడకుండా తొట్టి అంచు చాటున ఎడమ ముంజేతిని గిల్లింది. గోళ్ళు దిగిన చోట తెల్లటి గుర్తు పడింది, మెల్లగా ఎర్రబడింది. వేరే ఎవరి చేతినో గిల్లినట్టుంది.

ఈరోజు ఆమె చేతులు ఐసు ముట్టుకోలేదు.

"అమ్మాయ్, అడుగుతున్నాను."

చెప్పాలి. చెబితే మెట్లు, స్టూలు, కిటికీ. ఆమె తలెత్తింది. బట్టీ దగ్గర నుంచి భర్త ఆమెని చూసి, నెలల తర్వాత మొదటిసారి, కొంచెం నవ్వాడు.

"చల్లగానే ఉంది అత్తయ్యా."

"ఏదీ" అని అత్తగారు కుడిచేతి చొక్కా మడత ఇంకొంచెం పైకి తోసుకుని, తొట్టిలోకి చెయ్యి చాపింది.